గొంగడాకు

నీళ్లు పోయవద్దని నేను ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. పొద్దున లేస్తూనే చెప్పాను, అన్నం వడ్డిస్తూ చెప్పాను, గిన్నెలు తోముతూ చెప్పాను. చివరికి మా కూతురు యామిని వదిలేసిన పాత నోటుపుస్తకం అట్ట చింపి, దాని మీద బొగ్గుతో "నీళ్లు పోయవద్దు" అని పెద్ద పెద్ద అక్షరాలు రాసి, మూడు కుండీల మధ్య పుల్లకు కట్టి నిలబెట్టాను. మర్నాడు చూస్తే ఆ అట్ట తడిసి ముద్దయి ఉంది. ఎవరో దాని మీద నుంచే పోశారు.

చదువు రాని ఇల్లా అంటే అదీ కాదు. నా భర్త ధర్మయ్య పదో తరగతి పాసైన మనిషి. పేపరు వస్తే చివరి పేజీలో టెండరు ప్రకటనలు కూడా వదలడు. మా అత్త పెంటమ్మకు అక్షరాలు రావు, నిజమే. కానీ నేను నోటితో చెప్పింది చెవిలోకి పోవాలి కదా. గోడకు చెప్పినా ఈపాటికి వినేది.

ఒక మొక్క కోసం ఈమె ఇంత గింజుకోవడం ఏమిటని మీకు అనిపిస్తుంది. మా వీధిలో అందరికీ అనిపించింది. అందుకే మొదటినుంచి చెప్తాను.

మాది గద్వాల. ముందు గదిలో గుంట మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి కూర్చుని నేయాలి. ముప్పై ఏళ్లుగా ఆ గుంటలో నా కాళ్లే ఉన్నాయి. ధర్మయ్యకు నేత రాదని కాదు, వస్తుంది. కానీ ఆయన నేసిన అంచు ఒకచోట బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ పట్టులో జరీ. నూలూ పట్టూ కలిసే చోట చెయ్యి తెలియాలి. ఆ చెయ్యి నాకు మా అత్త ఇచ్చింది. నేను కోడలిగా వచ్చేసరికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. కళ్లు మసకబారాయని అప్పుడే మగ్గం దిగింది. గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ, కండెలకు నూలు చుడుతూ, "పోగు తప్పింది చూడు" అనేది. చెవితోనే పసిగడుతుందని నేను ఊళ్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో నాకు ముట్టు ఆగింది. ఆగింది ఊరికే ఆగిందా, ఒంట్లో పొయ్యి అంటించి మరీ పోయింది. కూర్చున్నచోటనే కడుపులోంచి ఒక ఆవిరి లేచి మెడ మీదుగా నెత్తికి ఎక్కుతుంది. చెవులు కాలతాయి. రెండు నిమిషాల్లో అరచేతులు నీళ్లు కారతాయి, నుదుటి మీద చెమట గడ్డం దాకా జారి బట్ట మీద పడుతుంది. లేత రంగు నూలు మీదైనా, పట్టు మీదైనా చెమట చుక్క పడితే మరక కడిగినా పోదు. జరీ మీద పడితే నాలుగు రోజుల్లో నల్లబడుతుంది. ఫ్యాన్ వేసుకోవచ్చు కదా అంటారు మగ్గం ఎరగని వాళ్లు. ఫ్యాన్ గాలికి పట్టుపోగులు లేచి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. మగ్గం గదిలో మేము ఫ్యాన్ వేయం.

ఈ సంగతి మీకు చెప్తున్నాను కానీ అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొగుడికి ఏమని చెప్పాలి? ముసలిదాన్నవుతున్నానని చెప్పాలా?

నూలూ పట్టూ జరీ ఇచ్చి చీర నేయించుకునేది వెంకట్రాములు సేటు. మగ్గం కూడా వాళ్లదే, ఆయన నాయన కాలంలో మా మామకు ఇచ్చింది. వానాకాలం మొదట్లో నేను నేసిన మీగడ రంగు చీరను ఆయన మా అరుగు మీదనే మడత విప్పాడు. మరక ఉన్నచోటల్లా బొటనవేలు ఆనించి చూపించాడు. ఏడు చోట్ల ఆనించాడు.

"ఏందక్కా గిది? నీ చేతి చీరనేనా?"

"ఎండలు గద సేటూ. రేకుల ఇల్లాయె."

"ఎండలు ఈయేడే వచ్చినయా? రేకులు ఈయేడే ఏసిన్రా?" అని చీరను చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఇంకొక్కటి గిట్ల వచ్చిందనుకో, ధర్మన్నను కూసోవెట్టు. ఆయనతోని కాదంటే మగ్గం ఇప్పుకొని పోత. నన్ను మల్ల అనొద్దు."

ధర్మయ్యను కూర్చోబెడితే నేనేం చేయాలి? గోడ పక్కన మా అత్తకు ఎదురుగా ఇంకో రాట్నం వేసుకుని కండెలు చుట్టాలి. చచ్చేదాకా అదే. నేను నేసిన చీర కట్టుకుని ఎక్కడో ఎవరో తిరుగుతున్నారన్న ఒక్క సంతోషం తప్ప నాకు ఈ బతుకులో వేరే గొప్ప లేదు. అది కూడా పోతుంది.

దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నా ముఖం వైపు చూడకుండానే రాసుకుంటూ, "వయసుతోని వచ్చేదేనమ్మా, రెండు మూడేండ్లు ఉంటది, తర్వాత అదే పోతది" అంది. రెండు మూడేళ్లు నా చేతులు మూట కట్టి అటక మీద పెట్టుకోవాలి కాబోలు.

ఫోన్లో ఏడుస్తూ చెప్పింది ఒక్క యామినికే. అది వనపర్తి వైపు తోటల కాలేజీలో చదువుతోంది. కార్తీకంలో సెలవుకు వస్తూ సంచిలో మూడు చిన్న మొక్కలు తెచ్చింది. ఆకు బూడిద రంగు కలిసిన పచ్చన, పొడుగ్గా, మీదంతా సన్నటి నూగు. నలిపితే కర్పూరమూ మిరియమూ కలిసిన ఘాటు.

"దీన్ని సేజు అంటరమ్మా. పుదీనా, తులసి జాతే. వేరే దేశాల్ల వంటల్ల ఏస్తరు. చెమటలు తగ్గాలని చాయ్ లెక్క కాచుకొని తాగుతరు. మా మేడం కూడ తాగుతది. ఖచ్చితంగ తగ్గుతదని నేను చెప్పలేను, చూద్దాం" అంది.

కుండీల అడుగున గులకరాళ్లు పరిచింది. సగం ఎర్రమట్టి, సగం ఏటి ఇసుక కలిపి నింపింది. వాకిట్లో పొద్దంతా ఎండ తగిలే చోట, గుమ్మం పక్కన వరుసగా పెట్టింది. ఒకటికి పదిసార్లు చెప్పింది. వేలు మట్టిలోకి పెట్టి చూడాలట, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలట. చలికాలంలో వారానికి ఒక్కసారి చాలట. దీనికి ఎండిన నేల ఇష్టమట, కాళ్లు తడిస్తే కుళ్లిపోతుందట. ఆకు కోయడం కూడా కొస నుంచి తుంచాలట, మొక్కలో మూడో వంతుకు మించి ఒకేసారి ముట్టుకోకూడదట.

మా అత్త వచ్చి ఒక ఆకును రెండు వేళ్లతో పట్టుకుని నిమిరింది. "గొంగడి లెక్కున్నది గదే" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గొంగడాకు.

"దేనికివి?" అన్నాడు ధర్మయ్య.

యామిని నా వైపు చూసింది. నేను కళ్లతోనే వద్దన్నాను. "దాని పరీక్షకు. కాలేజోళ్లు పెంచుమన్నరట" అన్నాను. నోటికి అదే వచ్చింది. అదే నా కొంప ముంచింది.

పొద్దున నాలుగాకులు, సాయంత్రం నాలుగాకులు. మరిగిన నీళ్లలో వేసి మూత పెట్టి, చల్లారాక వడకట్టి తాగేదాన్ని. ఇంట్లో అడిగితే గొంతులో కిచకిచ అని చెప్పేదాన్ని. రుచి గురించి అడగకండి, కషాయం కషాయంలాగే ఉంటుంది. రెండు వారాలు ఏమీ తేడా లేదు, యామినిని మనసులో తిట్టుకున్నాను. మూడో వారంలో ఒకనాడు మధ్యాహ్నం దాకా నేసి లేచాక చూసుకుంటే భుజం మీద వేసుకున్న తువ్వాల పొడిగా ఉంది. ఆకు వల్లనో, చలి ముదరడం వల్లనో నాకు తెలియదు. ఆవిరి రాకుండా పోలేదు, వచ్చేది, కానీ మెడ దగ్గరే ఆగి తిరిగిపోయేది. ఆ నెల నేసి దింపిన చీరను సేటు అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తీసుకుపోయాడు. మెచ్చుకోవడం వాళ్ల వంశంలో లేదు. తర్వాతి చీరకు మళ్లీ మీగడ రంగే పంపాడు, మామిడిపిందెల అంచుతో. ఆ పడుగు ఎక్కించిన రోజు నేను పాయసం వండాను. ఎందుకో ఎవరికీ తెలియదు.

మాఘమాసం వచ్చేసరికి గొంగడాకు పసుపు తిరిగింది. అడుగు ఆకులు మెత్తబడి కాడకు అంటుకుపోయాయి. మట్టిలో వేలు పెట్టాను. బురద. నేను నీళ్లు పోసి ఐదు రోజులైంది, వేలు బురదలో దిగింది.

"ఎవరు పోసిన్రు దీనికి నీళ్లు?"

"నేనే పోసిన, పొద్దున చెంబెడు" అన్నాడు ధర్మయ్య, పేపరు దించకుండా. "ఆకులు వాలినయి. పిల్ల పరీక్ష మొక్కలాయె, ఎండిపోతే మార్కులు పోవా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మార్కులు కావాలట ఆయనకు. "పొయ్యొద్దని చెప్పిననా లేదా?"

"చెప్పినవ్ గని, నీళ్లు లేకుండ మొక్క ఎట్ల బతుకుతదే? నీకు తెల్వక చెప్పినవ్ అనుకున్న."

ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా నాకు తెలియక చెప్పానట. నేను మా అత్త వైపు తిరిగాను. ఆమె తాగిన గ్లాసు చేతిలో ఉంది, అడుగున రెండు గుక్కల నీళ్లు ఉన్నాయి. నా కళ్లముందే గుమ్మం దాకా నడిచి మధ్య కుండీలో వంచింది.

"అత్తా!"

"ఏందే, గట్ల అరుస్తవ్? తాగంగ మిగిలిన నీళ్లు యాడ పొయ్యాలె మరి? నేల మీద పారబోస్తే పాపం గాదా?"

ఇదీ మా ఇంటి పద్ధతి. మా ఇల్లనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఇల్లయినా అంతే. గ్లాసులో మిగిలిన నీళ్లు, చెయ్యి కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, ఏవీ ఊరికే నేలపాలు చేయరు. మొక్క మొదట్లో పోస్తారు. మా అత్త పుట్టిల్లు రాయచూరు వైపు. వద్దు అనడానికి ఇప్పటికీ "బ్యాడ" అంటుంది. పిల్లగా ఉన్నప్పుడు బావి అడుగున చిప్పతో తోడి బిందె నింపుకున్న మనిషి. ఇప్పుడు ఇంటికి నల్లా వచ్చింది, పొద్దునా సాయంత్రం నీళ్లు వస్తాయి, డ్రమ్ములు పొంగి మోరీలోకి పోతున్నాయి. ఆ పోయేది ఎవరికీ కనిపించదు. గ్లాసు అడుగున మిగిలిన రెండు గుక్కలకు మాత్రం దిక్కు చూపించాలి. గుమ్మం పక్కన మూడు కుండీలు ఉన్నాయి. ఇంకేం కావాలి? లెక్క చూస్తే ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ పోశాడు. గ్యాస్ బండ తెచ్చినతను పోశాడు. కరెంటు బిల్లు కొట్టే అమ్మాయి పోసింది. పక్కింటి శాంతయ్య పుక్కిలించి మరీ పోశాడు. పోసి అందరూ పుణ్యం చేసినట్టు ముఖం పెట్టుకుని పోయారు.

అప్పుడే అట్ట రాసి పెట్టాను. అది ఏమైందో చెప్పాను కదా.

చుట్టూ తుమ్మకంప పెట్టాను. కంప మీద నుంచి పోశారు. కుండీలు గోడ మీదికి ఎక్కించాను. ధర్మయ్య స్టూలు వేసుకున్నాడు, "పాపం, అంత ఎత్తుల ఎండ ఎక్కువ తగుల్తది" అని. మొదటి మొక్క వారంలో పోయింది. పీకితే వేరు నల్లగా, మురుగు వాసనతో చేతిలోకి వచ్చింది. రెండోది దాని వెనకే పోయింది. మూడోదాన్ని దించి గుమ్మం పక్కనే, మగ్గంలో కూర్చుంటే నాకు కనపడే చోట పెట్టుకున్నాను. దానికి పదిహేనో ఇరవయ్యో ఆకులు మిగిలాయి. రోజుకు ఎనిమిది కోసే చోట రెండు కోసి, అవే మళ్లీ మళ్లీ మరిగించి తాగాను.

ఆవిరి తిరిగొచ్చింది. మీగడ చీర సగానికి వచ్చింది, ఇంకా మూడు గజాలు ఉంది. ఆవిరి లేచినప్పుడల్లా, పోగును తట్టి బిగించే పలక వదిలేసి, చేతులు పైకెత్తి, బట్టకు దూరంగా వెనక్కి వాలి కూర్చునేదాన్ని, పోలీసులు తుపాకి గురిపెట్టినప్పుడు సినిమాల్లో నిలబడినట్టు. ధర్మయ్య చూసి నవ్వాడు ఒకసారి. ఆ రోజు ఆయనకు కూర వేయలేదు.

సేటు వచ్చింది ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి. ముందుగా చెప్పకుండా వచ్చాడు. ధర్మయ్య కుర్చీ వేశాడు, మా అత్త లేచి చెంబుతో నీళ్లు ఇచ్చి మళ్లీ రాట్నం దగ్గర కూర్చుంది. సేటు కూర్చోలేదు. మగ్గం మీదికి వంగి, నేసినంత మేరా బొటనవేలితో తడుముకుంటూ వచ్చాడు. నాకు ఆ వేలు చూస్తేనే ఒంట్లో ఆవిరి లేచింది. ఆపుకోవడానికి అది నా చేతిలో ఉందా? చెవులు కాలాయి. చేతులు పైకెత్తాను. నుదుటి మీది చుక్క ముక్కు కొస దాకా వచ్చింది, తల వెనక్కి తిప్పేలోపు టప్పున రాలింది. మీగడ రంగు మీద, అంచుకు వేలెడు దూరంలో.

సేటు చూశాడు. నిటారుగా నిలబడ్డాడు.

"గిది ఎండాకాలం కూడ కాదక్కా" అన్నాడు మెల్లగా. "నేను మంచిగనే చెప్పిన. ఈ చీర ధర్మన్న దింపుతడు. వంకరైనా మంచిదే, మరకలు ఉండొద్దు. నువ్వు కండెలు చుట్టుకో, కష్టం తక్కువ." అంటూ గుమ్మం దాకా నడిచాడు. చెంబులో సగం నీళ్లు మిగిలాయి. ఒకసారి అటూ ఇటూ చూసి, నా చివరి గొంగడాకు కుండీలో చెంబంతా వంచాడు. వంచి, చెంబు బోర్లించి అరుగు మీద పెట్టాడు. పద్ధతి తెలిసిన మనిషి.

నేను గుంటలోంచి ఎట్లా లేచానో నాకు గుర్తు లేదు. కొంగు పలకకు తగులుకుని చిరిగింది.

"ఏం పని అది? ఏం పని చేసినవ్ సేటూ?"

"ఏమైందక్కా? నీళ్లే గద."

"నీళ్లే. అందరు నీళ్లే పోసిన్రు. నీళ్లు పోసి పోసి సంపిన్రు. ఆ ఆకు ఎందుకో తెలుసా నీకు? నా చెమటకు. నాకు ముట్లు ఆగినయి. ఆగినప్పటి సంది ఒళ్లు కొలిమి లెక్క కాల్తున్నది, చేతులు కారుతున్నయి, నీ పట్టు మీద రాలుతున్నయి. ఆ ఆకు తాగితే జర ఆగుతుండె. పోయిన చీర నువ్వు మూతి ముడుసుకొని తీస్కపోయినవే, మరక లేకుండ, అది ఆ ఆకు తాగి నేసిందే. మగ్గం దిగుమని చెప్పేది నువ్వే, దిగకుండ ఆపే మొక్కను సంపేది నువ్వే."

ధర్మయ్య పేపరు మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "మరి పరీక్ష మొక్కలంటివి గదనే" అన్నాడు, నోట్లోనే.

"అన్న. మీ ముందట ఏమని చెప్పాలె? అడిగినవా ఒక్కనాడన్న, చేతులెందుకు పైకెత్తుతున్నవని? నవ్వినవ్."

ఆయన తల దించుకున్నాడు. సేటు గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఇంత వయసొచ్చిన మగవాళ్లు ఇద్దరూ ముట్టు అన్న ఒక్క మాటకు కుక్కిన పేనుల్లా అయిపోయారు.

రాట్నం ఆగింది. అంతవరకూ అది తిరుగుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"నాకు కండ్లు పోలే" అంది మా అత్త.

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"కండ్లు మంచిగనే ఉండె బిడ్డా. చేతులు కారుతుండె, నీ లెక్కనే. అప్పుడు ఈ సేటు నాయన వస్తుండె. బంతిపూల రంగు చీర. మరక జూసి, ఇంకొక్కటి గిట్లయితే మగ్గం ఇప్పుక పోత అన్నడు. గీ ముచ్చట మొగోళ్ల ముందట ఎట్ల చెప్తరు? కండ్లు కనిపిస్తలేవు అన్న. కండ్లు పోయినయంటే అందరు అయ్యో అన్నరు. కోడల్ని తెచ్చిన్రు, కూసోవెట్టిన్రు."

నేను గుంట గట్టు మీద కూర్చున్నాను. పోగు తప్పింది చూడు అని చెప్పింది చెవితో కాదు. ముప్పై ఏళ్లు కళ్లారా చూస్తూ కూర్చుంది.

"ఎన్ని రోజులుండె అత్తా, ఆ చెమట?"

"రెండేండ్లు. అటెన్క అదే పాయె."

"పోయినంకనన్న చెప్పొచ్చు గదా."

"పోయిన కండ్లు మల్ల ఎట్లొస్తయే?" అంది మా అత్త. "అప్పటికి నువ్వు మంచిగ నేస్తుంటివి."

సేటు గొంతు సవరించుకున్నాడు. మనిషి మంచివాడే, నేను కాదనను. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. "గంతేనా పెద్దమ్మా? గీ మాట మా నాయనతోని ఒక్కసారి అంటే ముదురు రంగులు ఇస్తుండె గద. నేరేడు రంగు మీద చెమట కనపడ్తదా? రెండేండ్లు నేరేడు, నలుపు, ముదురెరుపు నేసుకుంటే అయిపోతుండె."

గంతేనా. ముప్పై ఏళ్లు గోడకు వీపు ఆనించి, ఆనించిన చోట సున్నం నూనె మరకగా మారేదాకా రాట్నం తిప్పిన మనిషికి జవాబు ఒక నేరేడు రంగు. అది అనడానికి సేటుకు అరనిమిషం పట్టలేదు. ఆయన మీద కోపం వచ్చింది, ఆయన నాయన మీద వచ్చింది, కడుపులో ఇంత దాచుకుని నాకు నేత నేర్పిన మా అత్త మీద ఇంకా ఎక్కువ వచ్చింది. నా మీద నాకు వచ్చిన కోపం అన్నిటికన్నా పెద్దది. ఆమె కళ్ల పేరు చెప్పింది, నేను పరీక్ష పేరు చెప్పాను. ఇద్దరం అబద్ధమే ఆడాం. నాకంటే ముందు ఒక మనిషి ఇదే మగ్గం మీద ఇదే చెమటకు దిగిపోయిందని తెలిస్తే, నేను కుండీలకు అట్టలు కట్టుకుంటూ కూర్చునేదాన్నా?

"నీకు కూడ నేరేడు రంగు పంపిస్త అక్కా. ఈ మీగడది ధర్మన్న దింపుతడు" అన్నాడు సేటు, సర్దిచెప్పినట్టు.

"ధర్మన్న దింపడు" అన్నాను. "నేను దింపుత. ముదురు రంగు తర్వాత సంగతి. ఈ చీర నాది."

"నీ చేతులు కారుతున్నయి గద. ఎట్ల దింపుతవ్?"

నా దగ్గర ఉన్నది కోపమే, కోపంతో చీర దిగదు.

మా అత్త గోడ పట్టుకుని లేచింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది, గట్టు మీద కూర్చుంది, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని గుంటలోకి దించింది. అరచేతులు రెండూ సేటు వైపు తిప్పి చూపించింది. ఎండిన రేగడిలా గీతలు గీతలుగా, పొడిగా ఉన్నాయి.

"నా చెమటలు ఎప్పుడో ఎండినయి. దానికి ఆవిరి వచ్చినప్పుడు నేను నేస్త. పోయినప్పుడు అది నేస్తది. ఇంక నువ్వు పో" అంది.

పేక పోగు మోసే నాడెను ఇటు నుంచి అటు విసిరింది. మొదటి పోగు వదులైంది. పలక లాగి, ఒక్క క్షణం చూసి, ఆ పోగును తనే గోటితో తీసేసింది. రెండోదీ తీసేసింది. మూడోది నిలిచింది. నాలుగోదానికి నూలూ పట్టూ కలిసే చోట ఆమె వేలు ఆగలేదు, నేర్చుకున్నప్పుడు నా వేలు ఏడాది పాటు ఆగిన చోట. ధర్మయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని తెలిసినా నేను ఓదార్చలేదు. ఏడవనీ అనుకున్నాను.

చెమట చుక్క పడిన చోట మరక నిలిచింది. అక్కడిదాకా నేత విప్పి, అంచులో ఒక మామిడిపిందె అదనంగా, కొంచెం లోపలికి నేశాం, మరక దాని కడుపులో పోయింది. సేటు చీర తీసుకుపోయేటప్పుడు ఆ పిందె మీద బొటనవేలు ఆనించి నా వైపు చూశాడు. నేనూ చూశాను. మగ్గం విప్పుకుని పోతానని ఇప్పటిదాకా మళ్లీ అనలేదు.

సేటు పోసిన నీళ్లు తాగిన చివరి మొక్క నాలుగో రోజుకు పోయింది. పోకముందే ఫోన్లో యామిని చెప్పినట్టు లేత కొస ఒకటి వేలెడు పొడుగున తుంచి, అడుగు ఆకులు తీసేసి, ఉత్త ఇసుక నింపిన కుండీలో గుచ్చాను. ఈసారి అబద్ధాలు లేవు. ఎవరు అడిగినా, అది నా చెమటకు తాగే ఆకు, ముట్టు ఆగినవాళ్లకు వచ్చే చెమట అని ముఖం మీదనే చెప్తున్నాను. శాంతయ్య ఆ మాట విన్నాక మా వాకిట్లో పుక్కిలించడం మానేశాడు. ఆయన భార్య మాత్రం సాయంత్రం ఒంటరిగా వచ్చి, "నాకు కూడ ఒక కొమ్మ ఇస్తవా స్వరూపా?" అని చెవిలో అడిగింది. గట్టిగా అడగమన్నాను.

నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. మా అత్త నేస్తున్నప్పుడు గోడ పక్కన ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే ఇంకా పెరుగుతుంది. ఆ గోడ దగ్గర కూర్చుంటే మగ్గం ఎంత దగ్గరగా కనిపిస్తుందో, చెయ్యి చాపితే అందేటంత దగ్గర, అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

మొన్న అట్లాగే కూర్చుని ఉన్నాను. ఆవిరి అప్పుడే దిగుతోంది. మా అత్త వంచిన తల ఎత్తకుండా నేస్తోంది. వాకిట్లో, మగ్గానికి ఇరవై అడుగుల దూరంలో, ధర్మయ్య నీళ్లు తాగి, మిగిలిన నీళ్ల చెంబు చేత్తో పట్టుకుని ఆ ఇసుక కుండీ పక్కన నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోపే పలక ఆగింది.

"ధర్మిగా, బ్యాడ" అంది మా అత్త. "ఆ చెంబు కింద పెట్టు. నాకు కనిపిస్తున్నది."